విదేశీ సముద్రతీరంలో చిన్న గెస్ట్‌హౌస్‌ను ఎంచుకుని బుక్ చేసుకోవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు తీరం లేదు కాబట్టి ఇక్కడి కుటుంబాలకు సముద్రం అంటే సెలవులు పెట్టుకుని వెళ్లి చూడవలసిందే. మైపాడు, సూర్యలంక, రుషికొండ చూసి వచ్చినవారు ఇప్పుడు శ్రీలంక, థాయ్‌లాండ్, మాల్దీవులు, బాలి గురించి ఆలోచిస్తున్నారు. పట్టణంలోని ట్రావెల్ ఏజెంటు దగ్గరకు వెళితే విమానం, పెద్ద హోటల్, బస్సు, గైడు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా చేతిలో పెడతాడు. అది ఇష్టమైనవారికి ఈ వ్యాసంతో పని లేదు. అయిదారు గదులు మాత్రమే ఉండి, కింది అంతస్తులో యజమాని కుటుంబమే నివసిస్తూ, పొద్దున్నే వారి వంటింట్లోనే అల్పాహారం తయారయ్యే చిన్న గెస్ట్‌హౌస్‌లో నాలుగు రోజులు ప్రశాంతంగా గడపాలనుకునేవారి కోసం దీన్ని రాస్తున్నాను.

చిన్న గెస్ట్‌హౌస్‌కు పెద్ద హోటల్‌కు తేడా అద్దెలో మాత్రమే ఉండదు. పెద్ద హోటల్‌లో అర్ధరాత్రి దిగినా కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు ఉంటారు, గది నచ్చకపోతే ఇంకొకటి ఇస్తారు, లిఫ్టు ఉంటుంది, కరెంటు పోతే జనరేటర్ దానంతట అదే నడుస్తుంది. గెస్ట్‌హౌస్‌లో ఇవి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందువల్ల అక్కడ అడగకుండానే దొరికే వాటన్నింటినీ ఇక్కడ బుక్ చేయకముందే, అదీ రాతపూర్వకంగా, అడిగి తెలుసుకోవాలి. కింద చెప్పే మెట్లలో చాలా భాగం ఈ అడగడానికి సంబంధించినవే.

ముందు నెల, తర్వాత తీరం, ఆ తర్వాతే గది

చాలామంది మొదట దేశాన్ని, తర్వాత ఫోటోలో అందంగా కనిపించిన గదిని ఎంచుకుని, చివరన సెలవుల తేదీలను దానికి అతికిస్తారు. ఈ వరుసను తలకిందులు చేయాలి. ఒకే దేశంలో ఒక తీరం ప్రశాంతంగా ఉన్న నెలలోనే మరో తీరం వానలతో, అలలతో అల్లకల్లోలంగా ఉంటుంది.

శ్రీలంకనే తీసుకోండి. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు ఆ దేశపు పశ్చిమ, దక్షిణ తీరాలను తాకుతాయి. బెంటోట, హిక్కడువ, ఉనవటున, మిరిస్స అన్నీ ఆ వైపే ఉన్నాయి. అదే సమయంలో తూర్పు తీరంలోని ట్రింకోమలి, నిలావెలి, పాసికుడా, అరుగం బే దగ్గర ఎండ కాస్తూ ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పరిస్థితి తారుమారై తూర్పున వానలు పడతాయి, డిసెంబరు నుంచి మార్చి వరకు దక్షిణ తీరం హాయిగా ఉంటుంది. థాయ్‌లాండ్‌లో కూడా ఇంతే: అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రాబి, కో లాంటా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు బాగుంటాయి, మే నుంచి అక్టోబరు వరకు అక్కడ వానాకాలం, తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖ (గల్ఫ్) వైపున్న కో సముయిలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కురుస్తాయి. మాల్దీవుల్లో జనవరి నుంచి ఏప్రిల్ వరకు పొడి వాతావరణం. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పొడి కాలం. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వానలతో పాటు కూటా, జింబరన్ వంటి పశ్చిమ తీరాలకు సముద్రం నుంచి చెత్త కొట్టుకువస్తుంది.

ఇప్పుడు దీన్ని మన సెలవులతో సరిచూడండి. బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి మే నెలలో వెళ్లే కుటుంబం శ్రీలంక తూర్పు తీరాన్నో, బాలినో, కో సముయినో చూడాలి. సంక్రాంతికి వెళ్లేవారికి శ్రీలంక దక్షిణ తీరం, ఫుకెట్, క్రాబి, మాల్దీవులు అనుకూలం. దసరా సెలవులు రెండు కాలాల సంధిలో పడతాయి. ఆ రోజుల్లో బాలికి మించిన ఎంపిక నాకు కనిపించదు. మే నెలలో మిరిస్సలో సముద్రం ఎదుటి గది సగం ధరకే దొరుకుతున్నదంటే అది అదృష్టం కాదు, ఆ నెలలో అక్కడ నీళ్లలో దిగడానికి వీలుండదు కాబట్టి ఆ ధర.

స్థానిక పండుగలను కూడా ఈ దశలోనే చూసుకోవాలి. బాలిలో న్యేపి అనే మౌనదినం మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. ఆ రోజు ఇరవై నాలుగు గంటల పాటు విమానాశ్రయమే మూసివేస్తారు, అతిథులెవరూ గెస్ట్‌హౌస్ గేటు దాటకూడదు, రాత్రి దీపాలు కూడా బయటికి కనిపించకూడదు. ఏప్రిల్ మధ్యలో సింహళ, తమిళ సంవత్సరాది శ్రీలంకలో, సోంగ్‌క్రాన్ థాయ్‌లాండ్‌లో జరుగుతాయి. ఆ వారంలో స్థానికులే తీరాలకు పోటెత్తుతారు, ధరలు పెరుగుతాయి. మాల్దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు ఉండేది జనం నివసించే దీవుల్లో కాబట్టి రంజాన్ నెలలో పగటిపూట అక్కడి తినుబండారాల దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి.

విమానం దిగే వేళను బట్టి మొదటి రాత్రి

కర్నూలు వారికి హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం, అనంతపురం వారికి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం అనుకూలం. రెండూ 44వ జాతీయ రహదారి మీదుగా వెళ్తూ నగరంలోకి అడుగు పెట్టకుండానే చేరగలిగినవి. కడప వారికి రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నై ఉంది. చెన్నై నుంచి కొలంబోకు గంటన్నర లోపే విమాన ప్రయాణం. ఓర్వకల్లు, కడప విమానాశ్రయాల నుంచి నేరుగా విదేశీ విమానాలు లేవు కాబట్టి ఇంటి నుంచి విమానాశ్రయానికి పట్టే నాలుగైదు గంటలు, అక్కడ ముందుగా ఉండవలసిన మూడు గంటలు కలుపుకుంటే పెద్దవాళ్లు, పిల్లలు అప్పటికే అలసిపోయి ఉంటారని గుర్తుంచుకోవాలి.

విమానం దిగాక గెస్ట్‌హౌస్‌కు ఎంత దూరం, ఎలా వెళ్లాలి అన్నది టికెట్ కొనకముందే తేల్చుకోండి. కొలంబో విమానాశ్రయం నగరంలో కాదు, ఉత్తరాన నెగొంబోకు దగ్గరగా కటునాయకలో ఉంది. అక్కడి నుంచి ఉనవటునకు ఎక్స్‌ప్రెస్‌వే మీద దాదాపు మూడు గంటలు, ట్రింకోమలికి అయిదారు గంటలు పడుతుంది. సాయంత్రం తర్వాత దిగేవారు మొదటి రాత్రి నెగొంబోలోనే ఒక గది తీసుకుని, ఉదయం బయలుదేరడం మేలు. మాల్దీవుల్లో ఇది మేలు మాత్రమే కాదు, తప్పనిసరి కూడా కావచ్చు: మాఫుషి వంటి దీవులకు వెళ్లే స్పీడ్‌బోట్లు రాత్రి పొద్దుపోయాక ఉండవు, అందువల్ల ఆలస్యంగా దిగినవారు విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న హుల్హుమాలేలో బస చేయాలి. చవకైన ప్రభుత్వ ఫెర్రీ మీద ఆధారపడదలచినవారు అది శుక్రవారం నడవదని తెలుసుకోవాలి.

చిన్న గెస్ట్‌హౌస్ యజమానులు రాత్రి పదికల్లా గేటు వేసి పడుకుంటారు. అంతకన్నా ఆలస్యమయ్యేటట్టు ఉంటే ఆ సంగతి ముందే చెప్పి, తలుపు ఎవరు తీస్తారో అడిగి ఉంచుకోవాలి.

మ్యాపును చదవడం

గదుల జాబితాలో ఒక చోటు నచ్చగానే ఫోటోలు పక్కన పెట్టి గూగుల్ మ్యాప్స్‌లో దాని ఉపగ్రహ చిత్రాన్ని తెరవండి. ప్రకటనలో కనిపించే మాటలకు, నేల మీద ఉండే దూరానికి మధ్య ఎంత తేడా ఉందో అక్కడ తెలిసిపోతుంది. ‘బీచ్‌ఫ్రంట్’ అంటే ఇసుకకు ఆనుకుని ఉన్నదని అర్థం. ‘సీ వ్యూ’ అంటే ఏదో ఒక కిటికీ నుంచి నీళ్లు కనిపిస్తాయనే తప్ప దగ్గరగా ఉందని కాదు. ‘బీచ్ యాక్సెస్’ అంటే సందులోంచో, పక్కవారి స్థలంలోంచో తీరానికి దారి ఉందన్నమాట. ‘అయిదు నిమిషాల నడక’ అన్న మాటను మ్యాపులో నడక దారి కొలిచి చూస్తే తప్ప నమ్మవద్దు, ఎందుకంటే అది మోటారు సైకిల్ మీద తిరిగే యజమాని అంచనా కావచ్చు.

మ్యాపులో దూరం కన్నా మధ్యలో ఏముందో చూడడం ముఖ్యం. శ్రీలంక నైరుతి తీరంలో కొలంబో నుంచి గాల్లే మీదుగా మాతర వెళ్లే రైలు మార్గం చాలాచోట్ల సముద్రానికి కూతవేటు దూరంలోనే సాగుతుంది, దాని పక్కనే గాల్లే రోడ్డు ఉంటుంది. అక్కడ గది తీరానికి రెండు వందల మీటర్ల దూరమే అయినా మధ్యలో పట్టాలు, బస్సులు రివ్వున దూసుకుపోయే రోడ్డు ఉన్నాయంటే చిన్నపిల్లలను ఒంటరిగా పంపలేరు, తెల్లవారుజామున రైలు కూతకు లేవక తప్పదు. గుంతకల్లులో స్టేషన్ పక్కన ఇల్లున్నవారికి అది ఇబ్బంది అనిపించకపోవచ్చు గానీ సెలవులకు వెళ్లినవారికి అనిపిస్తుంది. మ్యాపులో పక్కనే బార్, నైట్ క్లబ్, మసీదు, బోట్ల జెట్టీ, కట్టుబడి జరుగుతున్న ఖాళీ స్థలం ఏది ఉన్నా గమనించండి. ఇవేవీ ఫోటోల్లో కనిపించవు.

తీరం స్వభావాన్ని కూడా ఇక్కడే చూడాలి. మన పిల్లలు ఈత నేర్చేది దిగుడు బావుల్లో, కేసీ కాలువలో, ఈత కొలనుల్లో. అక్కడ ఈత వచ్చినవాడికి సముద్రంలోనూ వచ్చినట్టే అనుకోవడం ప్రమాదం. ఒడ్డు నుంచి లోపలికి లాగే రిప్ కరెంట్ అనే ప్రవాహం గజ ఈతగాళ్లను కూడా తీసుకుపోతుంది. దానిలో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం నుంచి బయటపడి, ఆ తర్వాత ఒడ్డుకు రావాలి. ఎర్ర జెండా కట్టిన చోట నీళ్లలో దిగకూడదు. ఫుకెట్‌లోని కాటా, కరోన్ తీరాల్లో వానాకాలమంతా తరచుగా అదే జెండా కనిపిస్తుంది. చిన్నపిల్లలతో వెళ్లేవారు పాసికుడా లాంటి, చాలా దూరం వరకు మోకాలి లోతు మించని తీరాన్నో, పగడపు దిబ్బ అడ్డుగా ఉన్న తీరాన్నో ఎంచుకోవడం మంచిది. లైఫ్‌గార్డు ఉంటాడా అన్నది యజమానిని అడగవలసిన ప్రశ్నల్లో మొదటిదిగా పెట్టుకోండి.

రివ్యూల్లో ఏం వెతకాలి

మొత్తం మార్కును బట్టి నిర్ణయించకండి. రివ్యూలను కొత్తవి ముందుగా వచ్చేటట్టు అమర్చుకుని, మీరు వెళ్లే నెలలోనే కిందటేడు అక్కడ ఉన్నవారు ఏం రాశారో చదవండి. అయిదు నక్షత్రాలు ఇచ్చినవారు పొగుడుతారు, ఒకటి ఇచ్చినవారు కోపం వెళ్లగక్కుతారు. మూడు ఇచ్చినవారి మాటల్లోనే పనికొచ్చే సమాచారం ఉంటుంది. ‘అంతా బాగుంది గానీ మధ్యాహ్నం నుంచి కుళాయిలో ఉప్పునీళ్లు వచ్చాయి’, ‘పై గదికి మెట్లు నిటారుగా ఉన్నాయి’, ‘ఏసీకి వేరుగా డబ్బు అడిగారు’ వంటి వాక్యాలు ఇద్దరు ముగ్గురి రివ్యూల్లో కనిపిస్తే అవి నిజమనే అనుకోండి. ఫిర్యాదుకు యజమాని ఇచ్చిన సమాధానాన్ని చదవడం మరీ ముఖ్యం. తప్పు ఒప్పుకుని ఏం సరిచేశాడో చెప్పినవాడి దగ్గర దిగవచ్చు, అతిథినే తిట్టిపోసినవాడి దగ్గర వద్దు.

యజమాని పెట్టిన ఫోటోల కన్నా అతిథులు పెట్టినవి చూడండి. బాత్‌రూమ్ ఫోటో ఒక్కటి కూడా లేని చోటును పక్కన పెట్టేయడమే నా పద్ధతి.

ఏసీ గురించి ఒక మాట. వేసవిలో నలభై రెండు డిగ్రీలు చూసే రాయలసీమవారికి, అక్కడ ముప్పై ఒకటే కదా, ఫ్యాను చాలులే అనిపిస్తుంది. మన ఎండ పొడిగా ఉంటుంది, చెమట వెంటనే ఆరిపోతుంది. తీరంలో గాలి నిండా తేమ ఉండడంతో చెమట ఒంటి మీదే నిలుస్తుంది, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఏసీ గదే తీసుకోండి.

యజమానికి రాయవలసిన ఉత్తరం

ఇలా వడపోసి రెండు మూడు చోట్లు మిగిలాక, డబ్బు కట్టకముందు బుకింగ్ సైట్‌లోని సందేశాల పెట్టె ద్వారానే ప్రతి యజమానికీ ఒకే ఉత్తరం రాయండి. ఫోన్‌లో మాట్లాడితే పని త్వరగా అయినట్టు ఉంటుంది కానీ, రేపు తేడా వస్తే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. తేలికైన ఇంగ్లీషులో, పొట్టి వాక్యాలతో, అంకెలు వేసి రాస్తే భాష సరిగా రాని యజమాని కూడా ఒక్కొక్కదానికీ సమాధానం ఇవ్వగలడు. విషయం ఈ విధంగా ఉండవచ్చు:

‘నమస్కారం. మేము పెద్దవాళ్లం ముగ్గురం, పిల్లలు ఇద్దరు. పిల్లల వయసు 11, 6 సంవత్సరాలు. జనవరి 11 సాయంత్రం వచ్చి 15 ఉదయం వెళ్తాము. 1. మా అమ్మగారు మెట్లు ఎక్కలేరు. కింది అంతస్తులో గది ఇవ్వగలరా? 2. పిల్లలకు అదనపు మంచానికి ఎంత? 3. ఏసీ, వేడినీళ్లు రోజంతా ఉంటాయా, వాటికి వేరుగా ఏమైనా కట్టాలా? కరెంటు పోతే ఏర్పాటు ఏమిటి? 4. తీరానికి నడిచి వెళ్లే దారిలో పెద్ద రోడ్డు దాటాలా? పిల్లలు స్నానం చేయడానికి ఆ నెలలో సముద్రం అనుకూలంగా ఉంటుందా? 5. మాలో ఇద్దరు మాంసం, చేప, గుడ్డు తినరు. చేప పొడి, చేప సాస్ వేయకుండా అల్పాహారం, రాత్రి భోజనం చేయగలరా? 6. పన్నులు, సర్వీసు ఛార్జీతో కలిపి నాలుగు రాత్రులకు మేము కట్టవలసిన మొత్తం ఎంత? 7. విమానాశ్రయం నుంచి కారు పంపగలరా, ఎంత?’

ఈ ఉత్తరానికి వచ్చే సమాధానమే గెస్ట్‌హౌస్ గురించి ఫోటోల కన్నా ఎక్కువ చెబుతుంది. ఏడు ప్రశ్నలకూ ఒక రోజులో ఒక్కొక్కటిగా జవాబిచ్చినవాడు, ‘జనవరిలో అలలు కొంచెం ఎక్కువే, పిల్లలను పక్కనున్న చిన్న బే (అఖాతం) దగ్గరకు తీసుకెళ్లండి’ అని నిజం చెప్పినవాడు దొరికితే గది కాస్త పాతదైనా అక్కడే తీసుకోండి. ‘ఎవ్రీథింగ్ ఓకే సర్, ప్లీజ్ బుక్’ అని మాత్రమే వస్తే మరొకసారి అడగండి. రెండోసారీ అదే వస్తే వదిలేయండి.

శాకాహారులు అయిదో ప్రశ్నను నొక్కి అడగాలి. శ్రీలంకలో సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో, చాలా కూరగాయల కూరల్లో ‘ఉంబలకడ’ అనే ఎండుచేప పొడి వేస్తారు. దాన్ని వారు మసాలాగా చూస్తారు కాబట్టి ‘వెజిటబుల్ కర్రీ’ అని చెప్పినప్పుడు అబద్ధం చెబుతున్నామని అనుకోరు. థాయ్‌లాండ్‌లో నాం ప్లా అనే చేప సాస్‌ది అదే సంగతి. అక్కడ ‘జే’ అని చెబితే మాంసం, చేప, గుడ్డుతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా లేని భోజనం అని అర్థం చేసుకుంటారు. అయితే శ్రీలంకలో మనవారు ఆకలితో ఉండవలసిన పని లేదు. అప్పాలు, ఇడియాప్పం, పరిప్పు అనే పప్పు ప్రతి ఇంట్లో వండేవే. రాత్రికి అన్నం, కూరలు కావాలంటే ఉదయమే చెప్పాలి, ఎందుకంటే అతిథులు ఎందరో తెలిశాకే వారు బజారుకు వెళ్తారు. వెంట తీసుకెళ్లే చెనిగిత్తనాల పొడిని, నూనె కారే ఊరగాయను విమానంలో చేతి సంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టండి. మాల్దీవులకు వెళ్లేవారు ఇంకో సంగతి గమనించాలి: పూజకు వాడే విగ్రహాలను, మద్యాన్ని, పంది మాంసాన్ని ఆ దేశంలోకి తీసుకుపోవడం నిషిద్ధం. రోజూ పూజ చేసుకునే పెద్దవాళ్లు చిన్న విగ్రహాన్ని సంచిలో పెట్టుకోకుండా ముందే చెప్పాలి.

చూపించే ధర, కట్టే ధర

పెద్ద అక్షరాల్లో కనిపించే ధర చాలాసార్లు పన్నులు లేని ధర. దీన్ని మాల్దీవుల లెక్కతో చూపిస్తే స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఈ తేడా బాగా ఎక్కువ. జనం నివసించే దీవిలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో రాత్రికి 60 డాలర్ల గదిని నలుగురి కుటుంబం నాలుగు రాత్రులకు తీసుకున్నదనుకుందాం. గది అద్దె 240 డాలర్లు. దాని మీద పది శాతం సర్వీసు ఛార్జీ 24. ఈ 264 మీద పర్యాటక జీఎస్టీ, 2025 జులై నుంచి 17 శాతం, అంటే దాదాపు 45. ఇది కాక గ్రీన్ ట్యాక్స్ ఉంది: అటువంటి దీవుల్లో యాభై లేదా అంతకు తక్కువ గదులున్న గెస్ట్‌హౌస్‌లకు 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 6 డాలర్లు, అంటే నలుగురికి నాలుగు రాత్రులకు 96. అన్నీ కలిపితే 405 డాలర్లు. స్పీడ్‌బోటు ఖర్చు దీనికి అదనం. రెండేళ్లలోపు పిల్లలకు గ్రీన్ ట్యాక్స్ లేదు గానీ మిగిలిన పిల్లలకు పెద్దవారితో సమానంగానే ఉంటుంది. బాలిలో గదితో సంబంధం లేకుండా ప్రతి విదేశీ యాత్రికుడూ ఒకసారి 1,50,000 రుపియాల పర్యాటక రుసుము కట్టాలి. ఇది 2024 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

అందువల్ల రెండు గెస్ట్‌హౌస్‌ల ధరలను పోల్చేటప్పుడు డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి, చివరి మొత్తాలను మాత్రమే పక్కపక్కన పెట్టుకోవాలి. వ్యక్తుల సంఖ్య నింపేటప్పుడు పిల్లలను, వారి వయసులను దాచకండి; ఇద్దరికని తీసుకున్న గదిలోకి నలుగురు దిగితే చిన్న గెస్ట్‌హౌస్‌లో మంచాలే చాలవు.

బుకింగ్ సైట్లు యజమాని దగ్గర పదిహేను శాతం చుట్టుపక్కల కమీషన్ తీసుకుంటాయి కాబట్టి నేరుగా అడిగితే కొందరు తగ్గిస్తారు. మొదటిసారి వెళ్లేవారికి ఆ తగ్గింపు కన్నా సైటు ద్వారా ఉండే రక్షణే విలువైనదని నా అభిప్రాయం. ఒకసారి ఉండి నమ్మకం కుదిరాక, మరుసటి ఏడాది నేరుగా రాసి బేరం చేసుకోవచ్చు.

డబ్బు కట్టడం, రద్దు చేసుకోవడం

కార్డును ముందు సిద్ధం చేసుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపలి వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ చెల్లింపులను బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసి, దానికి ఒక పరిమితి పెట్టుకోవాలి. చాలా కార్డుల మీద విదేశీ మారకానికి రెండు నుంచి మూడున్నర శాతం దాకా మార్కప్ (బ్యాంకు అదనపు వసూలు), దాని మీద జీఎస్టీ పడతాయి కాబట్టి ఇంట్లో ఉన్న కార్డుల్లో ఏది తక్కువో చూసి వాడండి. అక్కడ కార్డు గీకినప్పుడు ‘రూపాయల్లో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా’ అని యంత్రం అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే ఆ మార్పిడి రేటును వారే నిర్ణయిస్తారు, అది మనకు నష్టం. శ్రీలంకలో 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని దుకాణాల్లో యూపీఐ పనిచేస్తుంది, కానీ చిన్న గెస్ట్‌హౌస్‌లో అది ఉంటుందని అనుకోకుండా కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి.

‘అక్కడికి వచ్చాక కట్టండి’ అన్న షరతు మీద తీసుకుంటే, తెర మీద కనిపించిన రూపాయల మొత్తం అంచనా మాత్రమే. కట్టేది ఆ రోజు మారకపు రేటు ప్రకారం. ఉచితంగా రద్దు చేసుకోగలిగిన గదికి రాత్రికి నాలుగైదు వందలు ఎక్కువైనా అదే తీసుకోమని చెబుతాను, ఎందుకంటే వీసా, పిల్లల జ్వరం, పరీక్ష తేదీ మారడం వంటివి మన చేతుల్లో ఉండవు. రద్దు గడువు గెస్ట్‌హౌస్ ఉన్న చోటి గడియారం ప్రకారం లెక్కిస్తారు. శ్రీలంక సమయం మనదే, థాయ్‌లాండ్ గంటన్నర, బాలి రెండున్నర గంటలు ముందుంటాయి. గడువుకు రెండు రోజుల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

బుకింగ్ అయిన తర్వాత వాట్సాప్‌లోనో, సైటు సందేశాల్లోనో ‘మీ కార్డు ధ్రువీకరణ కాలేదు, పన్నెండు గంటల్లో ఈ లింకులో వివరాలు నింపకపోతే గది రద్దవుతుంది’ అని వస్తే అది దాదాపు ఖాయంగా మోసమే. గెస్ట్‌హౌస్ ఖాతాలోకి చొరబడిన మోసగాళ్లు మీ పేరు, తేదీలు సరిగ్గా రాసి పంపుతారు కాబట్టి నమ్మకం కలుగుతుంది. ఆ లింకు తెరవకుండా, యాప్‌లోకి మీరుగా వెళ్లి మీ బుకింగ్ పేజీలో బాకీ ఏమైనా చూపిస్తోందేమో చూడండి, యజమానికి ఫోన్ చేసి అడగండి.

పన్ను విషయం ఒకటి. ఏజెంటు దగ్గర విమానం, గది కలిపి విదేశీ ప్యాకేజీగా కొంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. టికెట్ ఒక్కటీ, గది ఒక్కటీ విడివిడిగా కొనుక్కుంటే అది ప్యాకేజీ లెక్కలోకి రాదు. కట్టిన టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో జమ చూపించుకోవచ్చు కాబట్టి పాన్ నంబరు సరిగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

పేర్లు, కాగితాలు

గది బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన దగ్గర ఇంటిపేరును కొందరు పొడి అక్షరంగా, కొందరు పూర్తిగా, కొందరు పేరు వెనుక రాస్తారు. ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉన్నప్పుడు పాస్‌పోర్టునే అనుసరించండి. ప్రయాణ తేదీ నుంచి ఆరు నెలలకు పైగా పాస్‌పోర్టు గడువు ఉండేటట్టు చూసుకోండి. వీసా నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి ఏజెంటు చెప్పిన మాట మీద కాక, ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బుక్ చేసే రోజున ఒకసారి, బయలుదేరే వారంలో మరోసారి చూడండి. థాయ్‌లాండ్‌కు 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు, మాల్దీవులకు ప్రయాణానికి 96 గంటల లోపు ‘ఇముగా’ అనే ఆన్‌లైన్ ప్రయాణికుల ప్రకటన నింపాలి; రెండూ ఉచితమే, డబ్బు అడిగే సైట్లు నకిలీవి. బుకింగ్ కాగితం, తిరుగు టికెట్ అచ్చువేసి సంచిలో ఉంచండి. ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఫోన్ ఛార్జింగ్ అయిపోతే అవే పనికొస్తాయి. గెస్ట్‌హౌస్ చిరునామాను, ఫోన్ నంబరును స్థానిక లిపిలో యజమానితో రాయించుకుని స్క్రీన్‌షాట్ తీసుకుంటే, థాయ్‌లాండ్‌లో టాక్సీ డ్రైవర్‌కు చూపించడానికి సులువవుతుంది.

బయలుదేరడానికి మూడు రోజుల ముందు యజమానికి విమానం నంబరు, దిగే సమయం తెలియజేస్తూ ఒక చిన్న సందేశం పంపి, జవాబు వచ్చేదాకా చూడండి. జవాబు రాకపోతే ఫోన్ చేయండి. అదీ ఎత్తకపోతే బుకింగ్ సైటు సహాయ కేంద్రానికి ఇంట్లో ఉండగానే చెప్పండి. తెలియని ఊరిలో చీకటి పడ్డాక తాళం వేసిన గేటు ముందు నిలబడి చెప్పడం కన్నా అది ఎంతో సులభం.

చేరగానే చేయవలసినవి

సామాను విప్పకముందే గదిని ఒకసారి చూడండి. కుళాయి తిప్పి నీళ్లు రుచి చూడకుండా వాసన చూడండి, షవర్‌లో వేడినీళ్లు వస్తున్నాయో లేదో, ఏసీ చల్లబడుతోందో లేదో, తలుపు గడియ, కిటికీ దోమతెర సరిగా ఉన్నాయో లేదో చూడడానికి పది నిమిషాలు పట్టదు. కింది అంతస్తు గది అని రాసి ఇచ్చి పై గది చూపిస్తే, మీ ఉత్తరానికి వచ్చిన జవాబును మర్యాదగా చూపించండి. చిన్న ఊళ్లలో యజమానులు మాటకు విలువ ఇస్తారు. గొంతు పెంచకుండా అడిగితే చాలావరకు అప్పటికప్పుడే సర్దుతారు, గది లేకపోతే పక్కనున్న బంధువుల గెస్ట్‌హౌస్‌లోనైనా చూపిస్తారు. అలా కుదరకపోతే గది ఫోటోలు తీసి, అదే గంటలో సైటు సహాయ కేంద్రానికి రాయండి. ఒక రాత్రి గడిపిన తర్వాత చేసే ఫిర్యాదుకు బలం తగ్గుతుంది.

డబ్బు కట్టినప్పుడు ఎన్ని రాత్రులకు, ఏ కరెన్సీలో, పన్నులతో కలిపా అన్నది రాసిన రసీదు తీసుకోండి. పాస్‌పోర్టు నకలు తీసుకోవడం మామూలే గానీ, అసలు పాస్‌పోర్టును తాకట్టులాగా ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. స్కూటరు అద్దెకు ఇచ్చేవారు కూడా ఇదే అడుగుతారు, వారికీ నకలు, కొంత నగదు ఇస్తే సరిపోతుంది. వెళ్లేముందు రోజు సాయంత్రమే భోజనాలు, బట్టలు ఉతికించినది, కారు లెక్క అన్నీ రాయించుకుని చూసుకుంటే, తెల్లవారుజామున విమానాశ్రయానికి బయలుదేరే హడావిడిలో గేటు దగ్గర నిలబడి చిల్లర లెక్కపెట్టుకునే పని ఉండదు.